కళ్ళతో విన్న న్యాయవాది

మాట నుంచి రాతకు – 9వ భాగం

గత వారం మూకీ సినిమాల దగ్గర ఆగాం. తెరమీద బొమ్మ ఆగి అక్షరాలు పడినంత కాలం చెవులు వినపడేవాళ్ళూ వినపడనివాళ్ళూ ఒకే బెంచీమీద కూర్చుని ఒకే కథ చూశారు. 1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ వచ్చింది. తెర మాట్లాడటం మొదలుపెట్టింది. బధిరులు ఆ బెంచీమీంచి లేచిపోవలసి వచ్చింది. స్వయంగా బధిరుడైన నటుడు ఎమర్సన్ రొమేరో 1947లో ఫిలిం రీళ్ళు కత్తిరించి మధ్యమధ్య అక్షరాల ముక్కలు అతికించడం, 1958లో అమెరికా ప్రభుత్వం బధిరుల కోసం క్యాప్షన్లున్న సినిమాలు అందించేందుకు చట్టం చేయడం చెప్పుకున్నాం. అవన్నీ ముందే తీసిన బొమ్మలకు తర్వాత తీరిగ్గా పెట్టిన అక్షరాలు. ఈ వారం కథ వేరు. మనిషి నోట్లోంచి వచ్చిన మాట, ఆ మనిషి ఇంకా మాట్లాడుతూ ఉండగానే, అక్షరమై ఎదుటివాడి కళ్ళముందుకు రావడం ఎలా మొదలైందో చూద్దాం.

1982 మార్చి 23, మంగళవారం. వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్‌తో కలిపి తొమ్మిది మంది న్యాయమూర్తులు ఎత్తయిన పీఠంమీద ఉన్నారు. వాదించడానికి లేచిన న్యాయవాది పేరు మైకేల్ చాటాఫ్. ఆ కోర్టులో వాదన అంటే ఉపన్యాసం కాదు. న్యాయవాది నాలుగు వాక్యాలు చెప్పేలోపు పైనుంచి ప్రశ్న పడుతుంది, జవాబు చెబుతుండగా మరొకరు అందుకుంటారు. ఏ మూల నుంచి ఏ ప్రశ్న వస్తుందో చెవి ఒగ్గి ఉండాలి. చాటాఫ్‌కు మాత్రం ఆ ప్రశ్నల్లో ఒక్కటీ వినపడదు. న్యాయశాస్త్రం చదివే రోజుల్లోనే ఆయన వినికిడి పోయింది.

ఆయన ముందు ఒక చిన్న కంప్యూటర్ తెర పెట్టారు. కోర్టు హాల్లో కూర్చున్న స్టెనోగ్రాఫర్ న్యాయమూర్తుల మాటల్ని తన యంత్రంమీద కొడుతుంటే, కంప్యూటర్ వాటిని మామూలు ఇంగ్లీషులోకి మార్చి ఆ తెరమీద చూపిస్తుంది. న్యాయమూర్తి ప్రశ్న అడిగేవారు. చాటాఫ్ తెర చదివి, తల ఎత్తి, తన గొంతుతో జవాబు చెప్పేవారు. ఎలక్ట్రానిక్ సామగ్రిని గడప తొక్కనివ్వని ఆ కోర్టు ఆయన కోసం నియమం సడలించింది. అమెరికా సుప్రీంకోర్టులో వాదించిన మొట్టమొదటి బధిర న్యాయవాదిగా ఆయన పేరు చరిత్రకెక్కింది.

ఆయన ఎవరి తరఫున వాదించారో తెలిస్తే ఆ రోజు బరువు ఇంకా అర్థమవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో పీక్స్‌కిల్ అనే ఊరి దగ్గర బడిలో చదువుతున్న ఎమీ రౌలీ అనే చిన్నపిల్ల. పుట్టు బధిర. తల్లిదండ్రులిద్దరూ బధిరులే. బడివాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. ఆ తల్లిదండ్రులతో మాట్లాడటానికి ప్రిన్సిపాల్ గదిలో ఒక టెలిటైప్ యంత్రం పెట్టించారు. పిల్లకు వైర్‌లెస్ వినికిడి పరికరం ఇచ్చారు. ట్యూషన్ ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులు అడిగింది ఇంకొక్కటి: తరగతిలో టీచర్ మాటల్ని సైగభాషలోకి మార్చి చెప్పే మనిషి. బడి ఒప్పుకోలేదు. పిల్ల చురుకైనది, పెదాల కదలిక చదవగలదు, పై తరగతులకు చక్కగా పాసవుతోంది, ఇక దేనికి అన్నారు. వాదం కోర్టుకెక్కింది. కింది కోర్టు, అప్పీలు కోర్టు రెండూ పిల్ల పక్షానే తీర్పిచ్చాయి. బడి బోర్డు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

ఎదుటివాళ్ళ మాటలు అందక చదువులో సగం పోగొట్టుకుంటున్న ఓ పిల్ల కోసం, అదే లోటున్న ఓ న్యాయవాది, ఆ లోటును అక్షరాలతో పూడ్చుకుంటూ నిలబడి వాదించారు. తీర్పు చెప్పే ముందు, ఆ తెరమీదికి అక్షరాలు ఎలా వచ్చాయో చూడాలి.

22 మీటల యంత్రం

మన ఊళ్ళలో బస్టాండు దగ్గరో మెయిన్ రోడ్డు మేడమీదో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు లోయర్, హయ్యర్ పాసై, పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ కూడా నేర్చుకుంటే గుమాస్తా ఉద్యోగం ఖాయమని ఒక తరమంతా నమ్మింది. ఆ తరానికి ఈ లెక్క తేలిగ్గా తెలుస్తుంది: ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్షకు నిమిషానికి 45 మాటలు. బాగా చెయ్యి తిరిగినవాళ్ళు 70, 80 కొడతారు. మనిషి మాట్లాడేది మాత్రం నిమిషానికి 150 నుంచి 200 మాటలు. ఒక్కో అక్షరం కొట్టుకుంటూ పోతే మాటను ఎన్నటికీ అందుకోలేం. పెన్సిలుతో గీసే షార్ట్‌హ్యాండ్ మాటను అందుకుంటుంది గానీ, ఆ గీతలు మళ్ళీ చదివి టైపు చేసేదాకా పక్కవాడికి వాటిలో ఏమీ తెలియదు.

స్టెనో యంత్రం పుట్టింది ఈ చిక్కు విప్పడానికే. 1879లో మైల్స్ బార్తొలొమ్యూ అనే అమెరికన్ ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 20వ శతాబ్దం తొలినాళ్ళలో వార్డ్ స్టోన్ ఐర్లాండ్ దాన్ని ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు. దానికి ఉన్నవి 22 మీటలే. మీటలమీద అక్షరాలు ఉండవు. టైపు మిషన్‌లా టకటకలాడదు కూడా.

ఈ యంత్రం పనిచేసే తీరు తెలుగువాళ్ళకు చెప్పడం సులువు, ఎందుకంటే మన గుణింతం దానికి దగ్గర చుట్టం. మనం ‘కి’ రాసినప్పుడు కకారాన్నీ ఇకారాన్నీ విడివిడిగా పక్కపక్కన పెట్టం, రెండూ కలిసి ఒకే అక్షరం అవుతాయి. స్టెనో యంత్రంలో ఎడమచేతి వేళ్ళ కింద మాట మొదట్లో వచ్చే హల్లులు, రెండు బొటనవేళ్ళ కింద నాలుగు అచ్చులు, కుడిచేతి కింద మాట చివర వచ్చే హల్లులు ఉంటాయి. ‘క్యాట్’ అనే మాట రావాలంటే ఎడమచేత్తో ‘కె’, బొటనవేలితో ‘ఏ’, కుడిచేత్తో ‘టి’, మూడూ ఒకేసారి నొక్కాలి, వీణమీద మూడు తీగలు ఒక్కసారి మీటినట్టు. ఒక్క నొక్కుకి ఒక పలుకు వచ్చేస్తుంది. ఎడమవైపు మీటలు ఏడే కాబట్టి అన్ని హల్లులకూ చోటు చాలదు. అందుకని జంటలు కట్టారు: ‘పి’, ‘డబ్ల్యూ’ కలిపి నొక్కితే ‘బి’, ‘టి’, ‘కె’ కలిపితే ‘డి’, ‘హెచ్’, ‘ఆర్’ కలిపితే ‘ఎల్’. నడుమ ఒక చుక్కగుర్తు మీట ఉంటుంది. తప్పు నొక్కితే దాంతో ఆ నొక్కును వెనక్కి తీసుకోవచ్చు. ఇలా శిక్షణ పొందినవాళ్ళు నిమిషానికి 225 మాటలు అందుకోవాలి, అమెరికాలో వాళ్ళ వృత్తి పరీక్షకు పెట్టిన కొలత అది. అక్కడికి చేరడానికి ఏళ్ళు పడుతుంది. మధ్యలో మానేసేవాళ్ళే ఎక్కువ.

ఈ యంత్రం పుట్టుకకూ బధిరులకూ ఏ సంబంధమూ లేదు. అది కోర్టుల కోసం పుట్టింది. సాక్షి ఏమన్నాడో పొల్లు పోకుండా రికార్డు చేసి, ఫైల్లో పెట్టి, బీరువాలో దాచడానికి వచ్చింది. దానిలోంచి వచ్చే సన్నటి కాగితం చుట్టను స్టెనోగ్రాఫర్ తప్ప ఎవరూ చదవలేరు. ఆ చుట్టను కంప్యూటర్ చేత చదివిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన 1950ల చివర వచ్చింది. హార్వర్డ్‌లో గెరార్డ్ సాల్టన్ 1959లో దీనిమీదే పరిశోధన పత్రం రాశారు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో గుట్టలుగా వచ్చిపడే రష్యన్ పత్రాలను యంత్రాల చేత అనువాదం చేయించాలన్న ఆత్రం కూడా ఈ పరిశోధనకు ఊపునిచ్చింది. ఆ అనువాద యంత్రాలు అనుకున్నంత పనిచేయలేదు గానీ, నొక్కుల్ని నిఘంటువులో వెతికి మాటలుగా మార్చే పద్ధతి మిగిలింది. 1970ల్లో కోర్టు స్టెనోగ్రాఫర్లు దాన్ని తెచ్చి వాడుకోవడం మొదలుపెట్టారు.

మాట పలికిన రెండుమూడు సెకన్లలోనే అది అక్షరమవుతుంటే, బీరువాలో దాచేదాకా ఆగడం ఎందుకు, అక్కడికక్కడే ఎవరైనా చదువుకోవచ్చు కదా అని అడిగినవాళ్ళు బధిరులు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే. యంత్రం పాతదే, కంప్యూటర్ కూడా అప్పటికే ఉంది. వినపడనివాళ్ళు వచ్చి ఆ ప్రశ్న వేయడమే కొత్త.

స్టోక్ ఊరి ఎంపీ

చాటాఫ్ కంటే ముందు ఆ ప్రశ్నకు ఊపిరిగా నిలిచిన మనిషి మరొకరున్నారు, అట్లాంటిక్‌కు ఇవతల. జాక్ ఆష్లీ విడ్నెస్ అనే ఊళ్ళో బీదింట్లో పుట్టి, చిన్నతనంలోనే ఫ్యాక్టరీ పనికి వెళ్ళి, తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదువుకుని, బీబీసీలో పనిచేసి, 1966లో స్టోక్-ఆన్-ట్రెంట్ సౌత్ నుంచి లేబర్ పార్టీ ఎంపీగా గెలిచారు. మరుసటి ఏడాది డిసెంబరులో చెవికి చిన్న ఆపరేషన్ చేయించుకున్నారు. అది వికటించి వినికిడి పూర్తిగా పోయింది. పార్లమెంటు అంటేనే మాట. మాట వినపడని మనిషి అక్కడేం చేస్తాడు? రాజీనామాకు సిద్ధపడ్డారు. నియోజకవర్గం వాళ్ళూ సహచరులూ ఒప్పుకోలేదు. ఆయన పెదాల కదలిక చదవడం నేర్చుకుని సభకు తిరిగి వచ్చారు.

పెదాలు చదవడం ఎంత కష్టమో చూడాలంటే అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా ‘పాప’, ‘బాబ’, ‘మామ’ అనండి. మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి. ఇక ఎదుటివాడు మీసాలున్నవాడైతే, తల తిప్పి మాట్లాడితే, వెనక బెంచీ నుంచి అరిస్తే? బ్రిటిష్ పార్లమెంటులో ఈ మూడూ రోజూ జరిగేవే.

సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ న్యూయెల్ బృందం 1970ల్లో ఆయన కోసం ఒక ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో వాడే పాలన్‌టైప్ అనే షార్ట్‌హ్యాండ్ యంత్రానికి చిన్న తెర కలిపారు. మొదట్లో దానిమీద వచ్చింది సరైన స్పెల్లింగు కూడా కాదు, మాట ఎలా పలుకుతుందో అలా వచ్చే అక్షరాలే. ఆష్లీకి అవి చాలు. అంతదాకా పెదాలమీద ఊహించుకున్న మాట ఇప్పుడు కనిపించింది. ఆయన 1992 దాకా దిగువ సభలో ఉన్నారు, తర్వాత ఎగువ సభలో లార్డ్ అయ్యారు. వికలాంగుల హక్కుల కోసం, థాలిడోమైడ్ మందువల్ల అవయవ లోపాలతో పుట్టిన పిల్లల పరిహారం కోసం ఆయన పట్టువిడవకుండా పోరాడారు. వినికిడి పోయాకే ఈ పనులన్నీ చేశారు. 2012లో కన్నుమూశారు.

మన భాషలో ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని ఒక సామెత ఉంది. ఎన్నిసార్లు ఎంత తేలిగ్గా వాడేస్తాం! ఆ సామెతలో తప్పంతా వినలేనివాడి మీదే పడింది. ఊదేవాడు ఏం చెప్పదలచుకున్నాడో రాసి చూపించవచ్చని శతాబ్దాలుగా మనకెవరికీ తోచలేదు. ఈ సామెతను ఇక వదిలేయడం మంచిది.

టీవీ పెట్టెలోకి

కోర్టులో, పార్లమెంటులో ఒక్కరి కోసం తెర పెట్టారు. లక్షలమంది ఉన్న టీవీ సంగతి వేరు. బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ స్టేషన్ 1972లో జూలియా చైల్డ్ వంటల కార్యక్రమానికి అక్షరాలు వేసింది. వార్తలకు మాత్రం దారి దొరకలేదు. 1973 చివర్నుంచి ఆ స్టేషన్‌వాళ్ళు ఏబీసీ సాయంత్రం వార్తల్ని రికార్డు చేసుకుని, గబగబా అక్షరాలు చేర్చి, రాత్రి 11 గంటలకు మళ్ళీ వేసేవారు. పక్కింటివాడు సాయంత్రం తెలుసుకున్న కబురు బధిరుడికి పడుకునే వేళకు తెలిసేది. అదే గొప్ప అనుకున్న రోజులవి. ఊళ్ళో అందరూ తిన్నాక మిగిలింది పెట్టినట్టే ఉంటుంది ఆ ఆలస్యం.

1980 మార్చి 16న అమెరికాలో క్యాప్షన్ల ప్రసారం పద్ధతి ప్రకారం మొదలైంది. అక్షరాలు అందరికీ కనిపించవు, కావలసినవాళ్ళు సియర్స్ దుకాణంలో సుమారు 250 డాలర్లు పెట్టి ఒక పెట్టె కొని టీవీకి తగిలించుకోవాలి. 1982లో నేషనల్ క్యాప్షనింగ్ ఇన్‌స్టిట్యూట్ కోర్టు స్టెనోగ్రాఫర్లను తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. ఆ ఏడాదే ఆస్కార్ అవార్డుల ప్రదానానికీ, ఏబీసీ రాత్రి వార్తలకూ మాట వెంటే అక్షరాలు వచ్చాయి. అవార్డు అందుకున్న నటి కన్నీళ్ళు పెట్టుకుంటూ ఎవరెవరికి కృతజ్ఞతలు చెబుతోందో వినపడనివాళ్ళు కూడా అప్పుడే తెలుసుకున్నారు. ఆ పెట్టె కొనే బాధ 1990లో వచ్చిన చట్టంతో తీరింది. 1993 జూలై నుంచి అమెరికాలో అమ్మే 13 అంగుళాలు, ఆపై ప్రతి టీవీలోనూ ఆ ఏర్పాటు లోపలే ఉండాలన్నారు. ఇవాళ మన పిల్లలు చక్కగా వినపడుతున్నా అడుగున అక్షరాలు పెట్టుకుని సినిమా చూస్తున్నారంటే అది బధిరులు కొట్లాడి తెచ్చుకున్న దాంట్లోంచి మనకు దక్కిన వాటా.

ఈ పని చేసేవాళ్ళ గురించి కాస్త చెప్పాలి. వాళ్ళను క్యాప్షనర్లు అంటారు. తరగతి గదిలో, ఆసుపత్రిలో, సభలో ఒక మనిషి కోసమో కొద్దిమంది కోసమో చేసే ఈ సేవకు అమెరికాలో ‘కార్ట్’ అని పేరు. మంచి క్యాప్షనర్ సభకు ముందురోజే వక్తల పేర్లు, ఊళ్ళ పేర్లు, ఆ శాస్త్రంలో వాడే మాటలు అడిగి తెప్పించుకుంటారు. ఒక్కో పేరుకు ఒక్కో నొక్కు నిర్ణయించుకుని తన నిఘంటువులో చేర్చుకుంటారు. పొడుగాటి తెలుగు ఇంటిపేరు నిఘంటువులో లేకపోతే తెరమీద అది నాలుగైదు ఇంగ్లీషు మాటలుగా విరిగిపడుతుంది. మాట్లాడేవాడు మారితే రెండు బాణం గుర్తులు వేస్తారు. సభ నవ్వితే నవ్వులు అని, చప్పట్లు కొడితే చప్పట్లు అని, బయట సైరన్ మోగితే అదీ రాస్తారు. సొంత కవిత్వం చేర్చరు, వక్త తప్పు దిద్దరు, నచ్చని మాట వదిలేయరు. అందరికీ వినపడింది బధిరుడికీ కనపడాలన్నదే వాళ్ళ నీతి.

ఇక్కడ ఒక వాదం ఎప్పటినుంచో ఉంది. న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని బధిరుల జాతీయ సాంకేతిక సంస్థ 1982 నుంచే కాలేజీ పాఠాలకు స్టెనో యంత్రంతో అక్షరాలు వేయించింది. స్టెనోగ్రాఫర్లు దొరకడం కష్టం, ఖర్చూ ఎక్కువ. అందుకని 1990 ప్రాంతంలో సీ-ప్రింట్ అనే మరో పద్ధతి తెచ్చారు. మామూలు కీబోర్డు, పొట్టి గుర్తులు, ప్రతి మాట కాకుండా ప్రతి భావం. పాఠానికి అది బాగానే పనిచేస్తుంది. కానీ టీచర్ నడుమ వేసిన ఛలోక్తి, పక్క కుర్రాడి తింగరి ప్రశ్న, క్లాసంతా గొల్లుమనడం, ఇవన్నీ భావంలో లెక్కకు వస్తాయా? క్లాసులో ఉండటమంటే అవీ కలిసే. కుదిరినంతవరకూ ప్రతి మాటా రావాలన్న పక్షమే నాది.

తీర్పు

1982 జూన్ 28న సుప్రీంకోర్టు ఎమీ రౌలీ కేసులో తీర్పు చెప్పింది. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాసిన తీర్పు సారాంశం ఇది: 1975 చట్టం ప్రకారం వికలాంగులైన పిల్లలకు కొంత విద్యా ప్రయోజనం దక్కితే చాలు, వాళ్ళ శక్తినంతా వెలికితీసేంత ఏర్పాటు బడి చేయనక్కర్లేదు. పిల్ల పాసవుతోంది కాబట్టి దుబాసీ అవసరం లేదు. న్యాయమూర్తి వైట్ అసమ్మతి తీర్పు రాశారు, బ్రెన్నన్, మార్షల్ ఆయనతో కలిశారు. దుబాసీ లేకుండా ఎమీకి తరగతిలో మాట్లాడేదాంట్లో సగం కూడా అర్థం కావడం లేదని ఆయన గుర్తుచేశారు.

న్యాయవాదికి ప్రతి ప్రశ్నా తెరమీద కనిపించేలా ఏర్పాటు ఒప్పుకున్న కోర్టు, ఆ పిల్లకు టీచర్ మాటలు అందే ఏర్పాటు మాత్రం కాదంది. చాటాఫ్‌కు సగం ప్రశ్నలే తెరమీద వచ్చి, మిగతా సగం ఊహించుకోమంటే ఆ వాదన ఎవరైనా న్యాయమైనదని ఒప్పుకునేవారా? ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తర్వాత ఆ కుటుంబం న్యూజెర్సీకి మారింది. ఎమీ పెద్దయ్యాక విశ్వవిద్యాలయంలో సైగభాష బోధించే ప్రొఫెసర్ అయ్యారు. నామమాత్రపు మేలు చాలదు, పిల్ల పరిస్థితికి తగిన పురోగతి ఉండాలని అదే సుప్రీంకోర్టు మరో కేసులో ఏకగ్రీవంగా చెప్పింది 2017 మార్చి 22న, చాటాఫ్ వాదించిన రోజుకు 35 ఏళ్ళు నిండటానికి ఒక్కరోజు ముందు.

ఇక్కడే ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఆష్లీ, చాటాఫ్ ఇద్దరూ పెద్దయ్యాక వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళ మాతృభాష, కాబట్టి తెరమీది అక్షరం వాళ్ళకు సొంత ఇల్లు. పుట్టు బధిరులలో చాలామందికి సైగభాషే మొదటి భాష, రాత రెండోది. ఎమీ తల్లిదండ్రులు సైగభాష దుబాసీని అడిగింది అందుకే. అక్షరాలు పెట్టాం కదా దుబాసీ దేనికని, దుబాసీ ఉన్నాడు కదా అక్షరాలు దేనికని ఒకదాన్ని చూపి మరొకటి ఎగ్గొట్టడం కుదరదు.

యంత్రమే వినే కాలం

2001లో బీబీసీ మరో దారి పట్టింది. వ్యాఖ్యాత మాటల్ని ఒక మనిషి నిశ్శబ్దమైన గదిలో కూర్చుని, విన్నది విన్నట్టు, విరామచిహ్నాలతో సహా మళ్ళీ పలుకుతాడు. అతని గొంతుకు అలవాటుపడ్డ కంప్యూటర్ దాన్ని అక్షరాలుగా మారుస్తుంది. ఆ తర్వాత మధ్యలో మనిషే లేకుండా పోయాడు. 2009లో గూగుల్ యూట్యూబ్ వీడియోలకు యంత్రమే క్యాప్షన్లు రాసే ఏర్పాటు తెచ్చింది. దాని వెనక ఉన్న ఇంజనీరు కెన్ హారెన్‌స్టీన్ స్వయంగా బధిరుడు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను గుర్తించడం మొదలుపెట్టింది. 2019లో ఎదుటివాళ్ళ మాటను ఫోను తెరమీద అక్షరాలుగా చూపించే ‘లైవ్ ట్రాన్స్‌క్రైబ్’ వచ్చింది, దాన్ని తయారుచేసినవారిలో ఒకరైన దిమిత్రీ కనేవ్‌స్కీ కూడా బధిరుడే.

చెవి తగ్గిన పెద్దవాళ్ళున్న ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది. పండక్కి అందరూ చేరి కబుర్లు చెప్పుకుంటుంటే తాతయ్య ఓ మూల కుర్చీలో కూర్చుని, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వుతాడు. ‘ఏంట్రా అంటున్నావు?’ అని రెండుసార్లు అడుగుతాడు, మూడోసారి అడగడు. ‘ఏం లేదులే తాతయ్యా’ అనే జవాబు ఆయనకు బాగా అలవాటు. ఆయన చేతిలో ఫోను పెట్టి తెలుగు ఎంచి ఇస్తే, మనవరాలి మాట అక్షరాలై కదులుతుంటే, ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, మాట కలపడం మొదలుపెడతాడు.

అలాగని యంత్రాన్ని గుడ్డిగా నమ్మలేం. నిమిషానికి 150 మాటలు మాట్లాడేచోట నూటికి 95 సరిగ్గా వస్తే బాగుందనిపిస్తుంది, కానీ నిమిషానికి ఏడెనిమిది తప్పులు పడినట్టే. ఆ తప్పు ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. ఇంగ్లీషులో కాదనడానికి విడిగా ఒక మాట ఉంటుంది. తెలుగులో అది క్రియలోనే కలిసిపోతుంది. డాక్టరు ‘ఈ మాత్ర వాడకూడదు’ అన్నది తెరమీద ‘వాడొచ్చు’ అని పడితే? దానికితోడు మన మాట సంధులతో అతుక్కుంటుంది, ఒక్క క్రియకు పదుల రూపాలు, శ్రీకాకుళం యాస ఒకటి, కరీంనగర్ యాస ఒకటి, కడప యాస ఇంకొకటి. ఆసుపత్రిలో, కోర్టులో, పరీక్ష హాల్లో మనిషి కన్ను లేకుండా ఈ అక్షరాల్ని వదలకూడదు. అమెరికాలో బధిరుల జాతీయ సంఘం 2015లో హార్వర్డ్, ఎంఐటీలమీద దావా వేసింది, ఆన్‌లైన్ పాఠాలకు సరైన క్యాప్షన్లు లేవని. 2019, 2020ల్లో ఆ రెండు సంస్థలూ ఒప్పందాలకు వచ్చాయి.

మన దేశం సంగతి. 2011 జనగణన ప్రకారం భారతదేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైనే. దూరదర్శన్ 1987లో వారానికోసారి బధిరుల వార్తలు మొదలుపెట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో సైగభాష, క్యాప్షన్లు అందేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత. 2019 సెప్టెంబరులో టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు ప్రకటించారు. 2023 ఫిబ్రవరి 21న మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనల్ని ప్రయోగాత్మకంగా కృత్రిమ మేధతో అప్పటికప్పుడు అక్షరాల్లో తెరమీద చూపించింది. అదే ఏడాది సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సైగభాష దుబాసీ సాయంతో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం ముందు హాజరయ్యారు. చాటాఫ్ వాదించిన 41 ఏళ్ళకు మనదీ ఆ రోజు వచ్చింది.

చట్టం, ఫోను రెండూ వచ్చేశాయి. కానీ మన సాహిత్య సభల్లో, పెళ్ళిళ్ళలో, గ్రామసభల్లో తెరమీద మాట కనిపించడం ఇంకా అరుదే. ఈ వ్యాసం చదువుతున్నవారిలో సభలు నిర్వహించేవాళ్ళు చాలామంది ఉంటారు. మైకు, పూలదండలు, శాలువాలకు ఖర్చు రాసుకునే కాగితంలోనే ఒక తెర, తెలుగు బాగా వచ్చి వేగంగా టైపు చేసే ఒక మనిషి అని కూడా రాసుకోండి. వక్తల పేర్లు ఆ మనిషికి ముందురోజే ఇవ్వండి. యంత్రాన్ని వాడితే పక్కన తప్పులు దిద్దే కన్ను ఒకటి పెట్టండి. ఆహ్వాన పత్రికలో, సమయం పక్కనే, ఈ వాక్యం వేయించండి: ‘వేదికమీది మాటలు తెరమీద అక్షరాల్లో కనిపిస్తాయి.’ వినపడదని చాలాకాలంగా సభలకు రావడం మానేసిన వాళ్ళెవరో అది చదివి బయలుదేరతారు.